ఏసీ కన్నా ముందు కిటికీ చూడండి: ఇంటి చల్లదనానికి, వెచ్చదనానికి అయ్యే ఖర్చు తగ్గించుకునే పద్ధతి

ఏసీలు, హీటర్లు బిగించడం, బాగుచేయడం నా పని. నన్ను పిలిచేవారిలో చాలామంది మిషను గురించే మాట్లాడతారు. "గది చల్లబడటం లేదు, ఇంతకన్నా పెద్దది పెట్టండి" అంటారు ఎండాకాలంలో. "ఈ హీటరు కరెంటు తినేస్తోంది, తక్కువ తినేది ఏదైనా చెప్పండి" అంటారు చలికాలంలో. నేను పనిముట్ల సంచి గుమ్మం దగ్గరే పెట్టి ముందు ఇల్లంతా ఒకసారి తిరుగుతాను. గోడలు ముట్టుకుంటాను, కిటికీ అంచుల వెంట చెయ్యి పెట్టి చూస్తాను, అటక ఉంటే ఎక్కుతాను. బిల్లును చాలావరకు నిర్ణయించేది ఇల్లే. లోపలికి రాని వేడిని బయటికి తోడాల్సిన పని లేదు. బయటికి పోని వేడిని మళ్లీ పుట్టించాల్సిన పని లేదు. అందుకే నేను చెప్పే వరుస కూడా అలాగే ఉంటుంది: మొదట ఎండ, తర్వాత సందులు, ఆపైన పైకప్పు, చివరికి మిషను. ఖర్చు కూడా ఇంచుమించు ఇదే వరుసలో పెరుగుతుంది కాబట్టి తక్కువ డబ్బుతో అయ్యే పనులు ముందే పూర్తవుతాయి.

ముందు మీటరు చదవండి

ఏ మార్పు చేసే ముందైనా ఒక వారం పాటు మీటరు రీడింగ్ రాసి పెట్టుకోండి. రాత్రి పడుకునే ముందు ఒకసారి, పొద్దున లేవగానే ఒకసారి. పక్కనే ఆ రోజు బయటి ఉష్ణోగ్రత కూడా రాయండి. నెల బిల్లు పట్టుకుని పోల్చుకుంటే మోసపోతాం. ఈ నెల ఎండ తక్కువ కాస్తే బిల్లు దానంతట అదే తగ్గుతుంది, మనం మాత్రం కొత్తగా కొన్న వస్తువు వల్లే తగ్గిందని మురిసిపోతాం.

ఈ చిక్కు విప్పడానికి ఇంధన లెక్కలు చూసేవారు డిగ్రీ డేస్ అనే కొలత వాడతారు. 18 డిగ్రీలను ఆధారంగా పెట్టుకుందాం, రోజు సగటు ఉష్ణోగ్రతకూ దానికీ ఎన్ని డిగ్రీల తేడా ఉంటే అన్ని డిగ్రీ డేస్. ఒక రోజు సగటు ఉష్ణోగ్రత 8 డిగ్రీలు ఉంటే ఆ రోజు వెచ్చదనం కోసం 10 డిగ్రీ డేస్. సగటు 30 ఉంటే చల్లదనం కోసం 12. వారంలో ఖర్చయిన యూనిట్లను ఆ వారపు డిగ్రీ డేస్ మొత్తంతో భాగించండి. వచ్చిన అంకె తగ్గితే మీరు చేసిన మార్పు నిజంగా పనిచేసినట్టు. ఒకసారికి ఒక మార్పే చేయండి. నాలుగు పనులు ఒకేసారి చేస్తే ఏది డబ్బు మిగిల్చిందో ఎన్నటికీ తెలియదు.

ఎండను గాజు బయటే ఆపాలి

ఎండాకాలపు ఖర్చులో నాకు అన్నిటికంటే బాధ కలిగించేది పడమటి కిటికీ. సాయంత్రం సూర్యుడు కిందికి దిగి సూటిగా గోడ మీదికి కాస్తాడు. మబ్బు లేని రోజున ఆ కిటికీ మీద చదరపు మీటరుకు 600 వాట్లకు పైగానే పడుతుంది. ఒంటి పొర గాజు అందులో సుమారు ఐదింట నాలుగు వంతులు లోపలికి వదిలేస్తుంది. రెండు చదరపు మీటర్ల కిటికీ అయితే, గదిలో ఒక కిలోవాట్ హీటరు వెలిగించి పెట్టినంత పని. ఒక టన్ను ఏసీ పూర్తి బలంతో తీయగలిగే వేడి 3.5 కిలోవాట్లు. అంటే దాని శక్తిలో పావు వంతుకు పైగా ఆ ఒక్క కిటికీకే సరిపోతుంది.

ఒక ఇంట్లో చూసింది చెబుతాను. పడమటి పడకగదికి ఏసీ చాలడం లేదని పిలిచారు. వెళ్లేసరికి సాయంత్రం ఐదు దాటింది. కిటికీకి ముదురు రంగు కర్టెన్ పూర్తిగా వేసి ఉంది, గది చీకటిగా ఉంది. ఎండ లోపలికి రావడం లేదు కదా అన్నది వారి మాట. కర్టెన్‌కీ గాజుకీ మధ్య చెయ్యి పెట్టి చూడమన్నాను. ఆయన చెయ్యి పెట్టి వెంటనే వెనక్కి తీసుకున్నారు. ఎండ గాజు దాటి వచ్చి కర్టెన్‌ను కాల్చింది, ఆ కర్టెన్ గదిని కాలుస్తోంది. ఆ వేడి గాలి కర్టెన్ పైఅంచు నుంచి గదిలోకి పొర్లుతోంది, సరిగ్గా దాని పక్కనే ఏసీ ఉంది. కొత్త ఏసీ వద్దని చెప్పి కిటికీ బయట, గోడకు జానెడు దూరంలో ఒక వెదురు తడిక వేలాడదీయించాను. ఆ గదికి పాత ఏసీయే సరిపోయింది.

తేడా ఎంత ఉంటుందో అమెరికా ఇంధన శాఖ చెప్పే అంకెలు చూడండి. పడమటి కిటికీకి బయట గుడారపు బట్టతో పందిరి లాంటి నీడ కడితే ఎండ వేడి 77 శాతం దాకా తగ్గుతుంది, దక్షిణపు కిటికీకైతే 65 శాతం దాకా. లోపల వేసే ఓ మాదిరి రంగు కర్టెన్, వెనకవైపు తెల్లటి పొర ఉన్నదైనా సరే, తగ్గించేది 33 శాతమే. కాబట్టి డబ్బు కొంచెమే ఉంటే కర్టెన్ మీద పెట్టకండి, బయటి నీడ మీద పెట్టండి. తడిక, గుడారపు బట్ట, చెక్క రెక్కలు, తీగ పాకే పందిరి, ఏదైనా పరవాలేదు. అద్దె ఇంట్లో బయట ఏమీ కట్టనివ్వకపోతే, లోపల లేత రంగు తెరను గాజుకు వీలైనంత దగ్గరగా, పైనా పక్కలా సందు లేకుండా వేయండి. వెలుతురు మళ్లీ గాజు గుండా బయటికి పోవాలంటే తెర లేత రంగులోనే ఉండాలి.

దిక్కును బట్టి నీడ మారుతుంది. ఉత్తరార్ధగోళంలో దక్షిణపు కిటికీకి పైన చిన్న సన్‌షేడ్ చాలు, ఎందుకంటే ఎండాకాలంలో సూర్యుడు ఎత్తున ఉంటాడు. చలికాలంలో అదే సూర్యుడు కిందికి దిగి సన్‌షేడ్ కిందినుంచి లోపలికి వెచ్చదనం పంపుతాడు. దక్షిణార్ధగోళంలో ఈ మేలు ఉత్తరపు కిటికీకి దక్కుతుంది. తూర్పు, పడమర కిటికీలకు మాత్రం పైన ఎంత పెద్ద సన్‌షేడ్ ఉన్నా ఉపయోగం తక్కువే, సూర్యుడు పక్కనుంచి వస్తాడు. వాటికి నిలువుగా అడ్డం రావాలి.

చలికాలంలో ఇదంతా తిరగబడుతుంది. ఎండ పడే కిటికీల తెరలు పొద్దున్నే పూర్తిగా తీయండి, సూర్యుడు దాటగానే మూయండి. రాత్రి కిటికీ పెద్ద నష్టం. ఒంటి గాజు ప్రతి చదరపు మీటరుకు, ఒక్కో డిగ్రీ తేడాకు 5.8 వాట్ల దాకా వేడి వదిలేస్తుంది, రెండు పొరల గాజయితే అందులో సగం. గాజు మార్చే స్తోమత లేకపోతే, కిటికీ చట్రానికి లోపలివైపు పారదర్శకమైన ప్లాస్టిక్ పొర బిగువుగా అంటించండి. గాజుకూ పొరకూ మధ్య చిక్కుకున్న గాలే రెండో గాజు పని చేస్తుంది.

సందులు వెతకడం

తలుపు చుట్టూ మూడు మిల్లీమీటర్ల సందు అంటే ఎవరూ పట్టించుకోరు. లెక్క వేయండి. రెండు మీటర్ల ఎత్తు, 90 సెంటీమీటర్ల వెడల్పు ఉన్న తలుపు చుట్టుకొలత 5.8 మీటర్లు. దాన్ని మూడు మిల్లీమీటర్లతో గుణిస్తే 174 చదరపు సెంటీమీటర్లు. గోడకు 13 సెంటీమీటర్ల పొడవు, అంతే వెడల్పు ఉన్న రంధ్రం పొడిచి రాత్రీ పగలూ తెరిచి ఉంచడం ఇది. ఏసీ, హీటరు ఏది నడిపినా చిల్లుకుండలో నీళ్లు పోసినట్టే.

వెతకడానికి గాలి వీచే రోజు మంచిది. తలుపులు, కిటికీలు అన్నీ మూసి, ఇంధనంతో మండే పొయ్యిలు, హీటర్లు ఆపేసి, వంటగదిలోనూ స్నానాలగదిలోనూ గాలి బయటికి లాగే ఫ్యాన్లు వేయండి. ఇప్పుడు ఇల్లు బయటి గాలిని లోపలికి పీలుస్తుంది. ఒక అగరుబత్తి వెలిగించి తలుపుల అంచులు, కిటికీ మూలలు, గోడలోంచి పైపులు వచ్చే చోట్లు, ఏసీ గొట్టం కోసం గోడకు వేసిన రంధ్రం, స్విచ్చుబోర్డుల అంచులు, నేలకు గోడ కలిసే చోటు, వీటన్నిటి దగ్గరా నెమ్మదిగా జరపండి. పొగ నిలువుగా లేస్తే సందు లేదు. పొగ ఒక్కసారిగా పక్కకు వంగితే అక్కడ పెన్సిలుతో గుర్తు పెట్టండి. కర్టెన్లకు నిప్పు దూరంగా ఉంచండి. కిటికీ రెక్కకు ఇంకో పరీక్ష ఉంది. మధ్యలో ఒక కాగితం పెట్టి మూయండి, లాగండి. కాగితం చిరిగేలా ఉంటే గట్టిగా ఉన్నట్టు, అలవోకగా జారి వస్తే రబ్బరు పట్టీ మార్చాలి.

ఎక్కువమంది వదిలేసేది ఏసీ గొట్టం రంధ్రాన్నే. బిగించేటప్పుడు పెట్టిన ముద్ద రెండు మూడేళ్లకు ఎండి రాలిపోతుంది, లోపలివైపు ప్లాస్టిక్ మూత ఉండటంతో ఎవరి కంటా పడదు. మూత తీసి, విస్తరించే ఫోమ్‌తోనో సీలెంటుతోనో పూడ్చండి. కదలని పగుళ్లకు సీలెంటు, కదిలే రెక్కలకు రబ్బరు పట్టీ, తలుపు అడుగున బ్రష్ పట్టీ. ఈ మూడూ కలిపి ఒక పూట పని.

చలి దేశాల్లో పైనున్న సందులు ముందు మూయాలి. వేడి గాలి తేలిక కాబట్టి పైకి లేచి అటక తలుపు సందుల్లోంచి పోతుంది, ఆ ఖాళీలోకి కింది సందుల నుంచి చలిగాలి వస్తుంది. కింద తలుపు దగ్గర చలి వేస్తుంటే కారణం చాలాసార్లు నెత్తి మీదే ఉంటుంది.

ఇక్కడ ఒక హెచ్చరిక, దయచేసి దాటవేయకండి. ఇంట్లో గ్యాసుతోనో కట్టెలతోనో నూనెతోనో మండే హీటరుంటే దానికి గాలి అందించే మార్గాన్ని ఎప్పుడూ మూయకూడదు. సరిగా మండకపోతే కార్బన్ మోనాక్సైడ్ పుడుతుంది, దానికి వాసనా రంగూ ఉండవు. అలాంటి ఇంట్లో కార్బన్ మోనాక్సైడ్ అలారం తప్పనిసరి. బొగ్గుల కుంపటి గదిలో పెట్టుకుని పడుకోవడం ప్రాణాంతకం, ఎంత చలైనా ఆ పని చేయకండి.

పైకప్పు

పై అంతస్తులో ఉండేవారు రాత్రి తొమ్మిదింటికి పైకప్పును కింది నుంచి తాకి చూడండి. కాంక్రీటు పగలంతా తాగిన వేడిని అప్పుడు కక్కుతుంటుంది. ముదురు రంగు పైకప్పు మండుటెండలో 65 డిగ్రీలు దాటుతుంది. ఎండను తిప్పికొట్టే తెల్లటి పూత వేసినది అదే ఎండలో దానికన్నా 28 డిగ్రీలకు పైగా తక్కువ వేడితో ఉండగలదు. ఎండ ఎక్కువుండే చోట, పై అంతస్తు ఇంటికి, దీనికన్నా త్వరగా డబ్బు తిరిగివచ్చే పని నేను చూడలేదు. పూత వేసే ముందు పాచి గీకి, పగుళ్లు పూడ్చి, పూర్తిగా ఆరనివ్వాలి. ఏటా ఎండలు మొదలయ్యే ముందు కడగాలి, దుమ్ము పట్టిన తెలుపు సగం పనే చేస్తుంది. చలి ఎక్కువ నెలలుండే చోట మాత్రం తెల్లటి పైకప్పు వెచ్చదనం ఖర్చును కొంత పెంచుతుంది, అక్కడ ఇన్సులేషన్, అంటే వేడిని దాటనివ్వని పొర, మేలు.

ఇన్సులేషన్ పనిచేసేది దానిలో చిక్కుకుని కదలకుండా ఉండే గాలి వల్ల. పది సెంటీమీటర్ల ఖనిజ ఉన్ని ఆపే వేడిని ఇటుకతో ఆపాలంటే మీటరున్నర పైన మందం ఉన్న గోడ కట్టాలి. అందుకే అటకలో పరిచిన ఉన్నిని పెట్టెలతో, సామాన్లతో నొక్కేయకూడదు, గాలి పోతే గుణం పోతుంది. తడిసినా అంతే. పైనుంచి నీరు కారుతుంటే ముందు అది ఆపించి, తర్వాతే ఉన్ని పరచండి. సందులు మూయకుండా ఉన్ని పరచడం కూడా వృథా, గాలి దాని గుండా దర్జాగా పోతుంది.

గాలి గొట్టాల ద్వారా ఇల్లంతా చల్లబరిచే లేదా వెచ్చబరిచే ఏర్పాటు ఉంటే అటకలో ఆ గొట్టాల అతుకులు చూడండి. మామూలు ఇళ్లలో గొట్టాల్లోంచి 20 నుంచి 30 శాతం గాలి కారిపోతుందని అమెరికా ఎనర్జీ స్టార్ పథకం చెబుతుంది. అతుకులకు మాస్టిక్ అనే చిక్కటి ముద్ద పూయండి, లేదా లోహపు రేకు టేపు వేయండి. డక్ట్ టేపు అని అమ్మే బట్ట టేపు పేరుకు మాత్రమే డక్టులది, వేడికి జిగురు ఎండి ఊడిపోతుంది.

రాత్రి గాలి, ఫ్యాను, ఉక్కపోత

రెండు థర్మామీటర్లు కొనండి, ఒకటి లోపల, ఒకటి బయట నీడలో. బయటి అంకె లోపలి అంకె కన్నా తగ్గిన నిమిషం నుంచి ఎదురెదురు కిటికీలు తెరవండి, పొద్దున మళ్లీ పెరగకముందే మూయండి. పగలు గాలి కోసమని కిటికీలు బార్లా తెరవడం అలవాటుగా వచ్చిన పొరపాటు, 40 డిగ్రీల గాలిని గోడలకు తాగించి రాత్రంతా దాన్ని ఏసీతో తోడుకోవడమే అవుతుంది.

ఫ్యాను గదిని చల్లబరచదు, ఒంటిని చల్లబరుస్తుంది. ఖాళీ గదిలో తిరిగే ఫ్యాను తాను తినే కరెంటు మేరకు గదిని కాస్త వేడెక్కిస్తుంది. ఉన్నప్పుడు మాత్రం దానికి సాటి లేదు. పాత సీలింగ్ ఫ్యాను సుమారు 75 వాట్లు, కొత్త బీఎల్‌డీసీ ఫ్యాను 30 వాట్లు, ఒక టన్ను ఏసీ ఇంచుమించు 1,000 వాట్లు తీసుకుంటాయి. ఫ్యాను తిరుగుతుంటే ఏసీని రెండు డిగ్రీలు పైకి పెట్టినా ఒంటికి అదే హాయి. అయితే గది గాలి 40 డిగ్రీలు దాటాక ఫ్యానును నమ్ముకోవద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది, ఆ గాలి ఒంటిని ఇంకా వేడెక్కిస్తుంది.

ఉక్కపోత సంగతి వేరు. విల్లిస్ కారియర్ 1902లో బ్రూక్లిన్‌లోని ఒక అచ్చు ముద్రణాలయం కోసం రూపొందించిన ఏసీ ఏర్పాటు అసలు మనుషుల చల్లదనం కోసం కాదు, తేమకు కాగితం సాగి రంగులు పక్కకు పడకుండా చూడటానికి. తేమ తీయడం ఏసీ చేసే బరువైన పని. ఒక లీటరు నీరు ఆవిరిగా గాలిలో కలిస్తే, దాన్ని మళ్లీ నీరుగా మార్చి బయటికి పంపడానికి ఏసీ 0.68 యూనిట్లకు సమానమైన వేడిని మోయాలి. కాబట్టి ఏసీ గదిలో తడి బట్టలు ఆరేయకండి. స్నానం చేసేటప్పుడు, వండేటప్పుడు ఆవిరిని ఫ్యానుతో బయటికి పంపండి, పని కాగానే ఆ ఫ్యాను ఆపండి, లేదంటే చల్లటి గాలిని కూడా అదే లాగేస్తుంది. మిషను ఫ్యానుకు "ఆటో", "ఆన్" అని రెండు పద్ధతులుంటే ఉక్కరోజుల్లో ఆటోలోనే పెట్టండి. "ఆన్"లో ఉంటే, కంప్రెసర్ ఆగినా గాలి, ఏసీ లోపల తడిసి ఉన్న చల్లటి గొట్టాల చుట్ట (కాయిల్) మీదుగా వీస్తూనే ఉండి తీసిన తేమను మళ్లీ గదిలోకి తెస్తుంది. తేమ 60 శాతం లోపు ఉంటే 26, 27 డిగ్రీలు కూడా హాయిగా ఉంటాయి.

పొడిగాలి ప్రాంతాల్లో నీటి కూలరు ఏసీ కన్నా ఎంతో చౌక. దానికి కిటికీ తెరిచి ఉండాలి, తడిగాలి బయటికి పోవాలి. ఉక్కపోత ఉన్నచోట అది పనికిరాదు. ఏసీతో కలిపి అసలే వాడకూడదు, ఒకటి తేమ పోస్తుంటే ఇంకొకటి తోడుతుంటుంది.

రిమోట్ మీది అంకె

16 పెడితే గది త్వరగా చల్లబడుతుందన్నది నిజం కాదు. మామూలు ఏసీ 16 పెట్టినా 25 పెట్టినా ఒకే వేగంతో చల్లబరుస్తుంది, ఎప్పుడు ఆగాలో మాత్రమే ఆ అంకె చెబుతుంది. అవసరాన్ని బట్టి వేగం మార్చుకునే ఇన్వర్టర్ ఏసీకి 16 పెడితే అది అనవసరంగా ఎక్కువసేపు పూర్తి బలంతో పరుగెడుతుంది. మీకు కావాల్సిన అంకె పెట్టి వదిలేయండి.

ఒక్క డిగ్రీ ఎంత మిగులుస్తుందో సులువుగా లెక్కించవచ్చు. చలికాలంలో బయట 0, లోపల 20 అనుకుంటే తేడా 20. లోపల 19కి దించితే ఇరవయ్యో వంతు, అంటే 5 శాతం నష్టం తగ్గుతుంది. తేడా ఎంత చిన్నదైతే ఒక్కో డిగ్రీ విలువ అంత పెద్దది. చల్లదనంలో గోడల ద్వారా వచ్చే వేడితో పాటు ఎండా తేమా కూడా కలుస్తాయి కాబట్టి లెక్క ఇంత సూటిగా రాదు, లాభం మాత్రం ఖాయం.

ఇంట్లో లేనప్పుడు ఆపేయాలా, నడవనివ్వాలా అని ప్రతి ఇంట్లోనూ వాదన. మళ్లీ వేడెక్కించడానికి ఎక్కువ ఖర్చవుతుందని ఒకరంటారు. కాదు. ఇల్లు చల్లబడి ఉన్నంతసేపూ బయటికి పోయే వేడి తక్కువ, అలా మిగిలింది మిగిలినట్టే. రోజుకు ఎనిమిది గంటలు 4 నుంచి 5.5 డిగ్రీలు తగ్గించి ఉంచితే ఏడాదిలో 10 శాతం దాకా మిగులుతుందని అమెరికా ఇంధన శాఖ అంచనా. మినహాయింపు ఒకటుంది. హీట్ పంపుకు (బయటి వేడిని లోపలికి తోడే మిషనుకు) సాయంగా కరెంటు తీగల హీటరు ఉంటే, ఒక్కసారిగా ఎక్కువ డిగ్రీలు పెంచినప్పుడు ఆ తీగలు వెలుగుతాయి, మిగిలింది అక్కడే పోతుంది. అలాంటి మిషనుకు ఒకటి రెండు డిగ్రీల మార్పు చాలు.

పొదుపు కోసం పసిపిల్లలను, పెద్దవారిని చలిలో ఉంచకండి. చలి ప్రాంతాల్లో ఇంటి లోపల కనీసం 18 డిగ్రీలు ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2018 మార్గదర్శకాలు సూచిస్తున్నాయి. బలహీనులు ఉన్న ఇంట్లో అంతకన్నా ఎక్కువే అవసరం కావచ్చు.

మీరే చేసుకోగల శుభ్రత

లోపలి యూనిట్ ఫిల్టరును వాడకం ఎక్కువున్న నెలల్లో రెండు వారాలకోసారి కడిగి, నీడలో పూర్తిగా ఆరబెట్టి పెట్టండి. పూడుకుపోయిన ఫిల్టరు బదులు శుభ్రమైనది ఉంటే ఏసీ కరెంటు 5 నుంచి 15 శాతం తగ్గుతుంది. బయటి యూనిట్ చుట్టూ పెట్టెలు, కుండీలు, మొక్కలు దగ్గరగా ఉంచకండి, అది వదిలే వేడి గాలి గోడకు కొట్టుకుని తిరిగి దానిలోకే వెళ్తే మిషను ఆయాసపడుతుంది. కరెంటు ఆపేసి, సన్నటి ధారతో రెక్కలు కడగండి. ఎక్కువ ఒత్తిడితో కొడితే ఆ పలుచని రేకులు వంగిపోతాయి.

కాయిల్ మీద మంచు పేరుకుంటే మిషను ఆపి కరగనివ్వండి, ఫిల్టరు చూడండి. ఫిల్టరు శుభ్రంగానే ఉంటే గ్యాసు తగ్గి ఉండవచ్చు. ఈ ఒక్క మాట గట్టిగా పట్టుకోండి: ఏసీ గ్యాసు వాడకం వల్ల అయిపోదు. అది మూసిన గొట్టాల్లోనే తిరుగుతూ ఉంటుంది, తగ్గిందంటే ఎక్కడో లీకు ఉన్నట్టే. ఏటా వచ్చి గ్యాసు నింపి డబ్బు తీసుకుని వెళ్లే మనిషిని "లీకు ఎక్కడో చూపించండి" అని అడగండి. అతుకుల దగ్గర సబ్బు నురుగు వేస్తే బుడగలు వస్తాయి, నూనె మరక కనిపిస్తుంది. లీకు పూడ్చాకే నింపించండి.

హీటరు ఎంచుకోవడం

కరెంటు తీగ వేడెక్కి పనిచేసే హీటర్లన్నీ, నూనె రేడియేటరు, ఫ్యాను హీటరు, ఎర్రగా వెలిగే కడ్డీ, ఒక యూనిట్ తీసుకుని ఒక యూనిట్ వేడే ఇస్తాయి. పెట్టె మీద ఏం రాసినా ఇంతకు మించి రాదు. తేడా వేడి చేరే తీరులో ఉంది. ఒక్కరే కూర్చుని పనిచేసుకుంటుంటే ఒంటి మీదికి కాసే కడ్డీ హీటరు తక్కువ వాట్లతో సరిపెడుతుంది. గంటలకొద్దీ గది వెచ్చగా ఉండాలంటే నూనె రేడియేటరు సౌఖ్యం. దేన్నయినా ఎక్స్‌టెన్షన్ తీగకు తగిలించకండి, బట్టలకు మీటరు దూరంలో ఉంచండి.

హీట్ పంపు ఈ లెక్కను మార్చేస్తుంది. అది వేడిని పుట్టించదు, బయటి నుంచి లోపలికి తోడుతుంది కాబట్టి ఒక యూనిట్‌కు సాధారణంగా మూడు యూనిట్ల వేడి వస్తుంది. చాలా ఇళ్లలో గోడకున్న ఏసీకే వేడి ఇచ్చే గుణం ఉంటుంది, రిమోట్ మీద సూర్యుడి బొమ్మ ఉందేమో చూడండి. అది ఉండగా తీగ హీటరు కొనుక్కున్న ఇళ్లు ఎన్నో చూశాను, మిషను గోడ మీదే ఉండి చలికాలమంతా ఖాళీగా ఉంటుంది.

వేడినీటి రేడియేటర్లున్న ఇంట్లో అడుగు వేడిగా, పైభాగం చల్లగా ఉంటే లోపల గాలి చిక్కినట్టు. పైమూలనున్న చిన్న మరను కొద్దిగా తిప్పి, గాలి పోయి నీరు రాగానే బిగించండి. రేడియేటరు ముందు సోఫాలు పెట్టకండి, మీదుగా కర్టెన్లు దించకండి. కండెన్సింగ్ బాయిలరైతే అది పంపే నీటి వేడిని తగ్గించి చూడండి. తిరిగి వచ్చే నీరు సుమారు 55 డిగ్రీల లోపు ఉంటేనే పొగలోని ఆవిరి నీరై, దాచుకున్న వేడిని అప్పగిస్తుంది. చాలా బాయిలర్లలో అంకె 70, 80 దగ్గర పెట్టి వదిలేసి ఉంటుంది. దాన్ని 60కి దించి, ఇల్లు వెచ్చబడుతుందో లేదో రెండు రోజులు గమనించండి. అదే బాయిలర్ వేడినీటి ట్యాంకును కూడా నింపుతుంటే మాత్రం ట్యాంకులోని నీరు 60 డిగ్రీల కన్నా తగ్గకూడదు, తగ్గితే లెజియొనెల్లా అనే హానికర బ్యాక్టీరియా పెరిగే ప్రమాదం ఉంటుంది.

కొత్త మిషను కొనేటప్పుడు

ఇవన్నీ చేశాక కూడా మిషను మార్చాల్సి వస్తే, నీడ కట్టి సందులు మూసిన ఇంటికి తగిన సైజు లెక్క వేయించండి, పాతదాని సైజును చూసి కొనకండి. గదికి మించిన ఏసీ గాలిని గబగబా చల్లబరిచి ఆగిపోతుంది, తేమ తీసేంతసేపు నడవదు. గది చల్లగా ఉన్నా జిగటగా ఉంటుంది, మాటిమాటికీ ఆగి మొదలవడం వల్ల కంప్రెసర్ త్వరగా అరుగుతుంది. గది వైశాల్యం ఒక్కటే అడిగి టన్నుల లెక్క చెప్పేవారికి పని అప్పగించకండి. కిటికీలు ఏ దిక్కున ఉన్నాయి, పైన అంతస్తు ఉందా, ఎంతమంది ఉంటారు, గాజు ఎన్ని పొరలు అని అడిగేవారిని వెతుక్కోండి. అడగకపోతే మీరే కాగితం మీద రాసి చేతికివ్వండి.